వాదీ జిజ్జి ఎత్తు మీద తాబేలు

మా ముత్తాత వెంకటాద్రి రాయణం గారికి పెద్దాపురంలో పదకొండు బస్సులు ఉండేవి. కలెక్టరు గారు ఏజెన్సీకి క్యాంపు వెళ్ళాలంటే ముందు మా దివాణానికి కబురొచ్చేది. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరకనప్పుడు ఆయన బస్సుల వెనక బొగ్గు పొయ్యిలు కట్టించి, ఆ గ్యాసుతోనే ఇంజన్లు నడిపించారు. అడ్డతీగల ఘాట్ ఎక్కలేక ఆగిన బస్సు మాది ఒక్కటీ లేదని మా ఇంట్లో చెప్పుకునేవారు. మా తాత నరసింహ రాయణం గారి కాలంలో బస్సులు సర్కారు పరమయ్యాయి. ఆ తరువాత ఆయన పదిహేడేళ్ళు బతికారు గాని మళ్ళీ బస్సెక్కలేదు. మా నాన్న జగన్నాథ రాయణం గారు మిగిలిన షెడ్డులో డీజిల్ జనరేటర్లు బాగుచేసి పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చారు. దివాణం వారు కాస్తా జనరేటర్ల వాళ్ళయ్యారు. ఆ మాట మొదటిసారి బడిలో విన్నాను. నాకిప్పుడు యాభై నాలుగేళ్ళు. ఆ మాట ఇంకా చెవిలోంచి పోలేదు.

ఆ షెడ్డులోనే నాలుగేళ్ళు కూర్చుని నేనొక యంత్రం చేశాను. కరెంటు బండికి దారిలో బ్యాటరీ అయిపోతుందన్న భయం ఉంటుంది. ఆ భయం లేకుండా బండిలోనే చిన్న పెట్రోలు ఇంజను, దానికి జోడించి ఒక డైనమో పెడతారు. చక్రాలు తిప్పేది ఎప్పుడూ కరెంటు మోటారే. బ్యాటరీ ఫలానా శాతానికి దిగగానే ఇంజను తనంత తానే లేచి దానికి కరెంటు పోస్తూ ఉంటుంది. దీన్ని రేంజ్ ఎక్స్‌టెండర్ అంటారు. ఇంజను చేయడం కష్టం కాదు, ఎంత శాతం దగ్గర లేపాలన్నదే అసలు విద్య. ఇంజను చిన్నది. ఎత్తు ఎక్కేటప్పుడు బండి తాగేంత కరెంటు అది ఇవ్వలేదు. తక్కువ పడింది బ్యాటరీ నిల్వలోంచి రావాలి. నిల్వ ఉండాలంటే ఇంజను ముందే లేచి ఉండాలి. మా పెద్ద ఫిట్టరు సూరిబాబూ నేనూ కూర్చుని కట్టిన లెక్కలో ఆ అంకె డెబ్బై.

ఒమాన్‌లో ఒక చేపల వ్యాపారి దగ్గర పన్నెండు కరెంటు పికప్‌లు ఉన్నాయనీ, చేపలకు ఫ్రిజ్ పెట్టె బిగించాక అవి సముద్రం ఒడ్డున ఉన్న బర్కా నుంచి కొండల అవతలి బురైమి దాకా పోలేకపోతున్నాయనీ కబురొచ్చింది. ఒక బండికి నా యంత్రం బిగించి, సరుకుతో సహా బురైమి చేర్చి చూపిస్తే పన్నెండింటికీ ఆర్డరు. ఇటు షెడ్డు కొంటామన్నవాళ్ళకు జూన్ నెలాఖరున జవాబు చెబుతానన్నాను. ఆర్డరొస్తే షెడ్డు నిలుస్తుంది, అందులోని ఆరుగురు పనివాళ్ళూ నిలుస్తారు. నా యంత్రం ఓడలో ముందుగా వెళ్ళింది. జూన్‌లో నేను వెళ్ళాను.

అల్ ఖువైర్

కబురు పంపినవాడు సత్యం. మస్కట్‌లో అల్ ఖువైర్ అనే చోట ఏసీలు, కోల్డ్ రూములు డిజైన్ చేసే కంపెనీలో ఇంజనీరు. ఆ చేపల వ్యాపారికి కోల్డ్ రూము కట్టింది వీళ్ళ కంపెనీయే. సత్యం తాత అప్పలస్వామి మా బస్సుల్లో క్లీనరు. ఈ సంగతి సత్యం ఎక్కడా దాచడు. నేనే అతని ఇంట్లో దిగడానికి కొంత ఆలోచించాను.

అల్ ఖువైర్ నిండా ఆఫీసులూ బ్యాంకులే. పొద్దున్నే అందరూ ఒక్కసారిగా కార్లలో దిగుతారు, సాయంత్రం ఒక్కసారిగా పోతారు. మిగతా వేళల్లో పేవ్‌మెంటు మీద మనిషి కనపడడు. ఆ ఎండలో నడిచేది తోటమాలీ, నాబోటి తెలియనివాడూ. రెండు వీధులు నడిచి సత్యం ఇంటికి తిరిగొచ్చేసరికి చొక్కా పిండుకునేలా ఉంది.

సత్యం భార్య లలిత వంజరం పులుసు, గోంగూర పచ్చడి చేసింది. గోంగూర కట్ట అక్కడ మూడు వందల బైసాలట. వెయ్యి బైసాలు ఒక రియాలు, రియాలంటే మనకు రెండు వందల పైచిలుకు రూపాయలు. మా పెరట్లో గోంగూరను ఎవరూ కోయక ముదిరిపోయేది. ఆ లెక్క నోట్లో ముద్దతో పాటు దిగలేదు.

నేను తింటున్నంతసేపూ సత్యం పక్కనే నిలబడ్డాడు. వాళ్ళ తాత మా నాయనమ్మ ముందు అలాగే నిలబడేవాడట. కూర్చోమని అనడం నాకు తోచలేదు. లలితే అంది.

"ఏవండీ, ఇది మన అద్దె ఇల్లే. మీరు కూర్చోవచ్చు."

సత్యం నవ్వుతూ కూర్చున్నాడు. "అబ్బాయి గారూ, మా తాత ఎప్పుడూ మీ బొగ్గు బస్సు గురించే చెప్పేవోడండి. గంట ముందు లేచి పొయ్యి రాజేయాలంట. ఘాట్ రాకముందే, ఇంకా చదునులో ఉండగానే ఎగదొయ్యాలంట. కొండెక్కాక దోస్తే మిగిలేది బూడిదేరా అనేవోడు. పెద్ద దొర గారు ముందు సీట్లో పడుకుంటే, మా తాత వెనక నిచ్చెన మీద వేలాడుతూ బొగ్గు పోసేవోడంట."

"మా ఇంట్లో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు" అన్నాను.

"మీ ఇంట్లో ఎలా తెలుస్తుందండీ? వెనకాల జరిగే పని కదా" అంది లలిత, మజ్జిగ పోస్తూ.

అది వెటకారమో మామూలు మాటో నాకు తెలియలేదు. ఇప్పుడవన్నీ కంప్యూటరే చూసుకుంటుందని చెప్పి చేయి కడుక్కున్నాను.

బర్కా

బర్కా సముద్రం పక్కన ఖర్జూరం తోటల ఊరు. తోటలని పేరే. చాలా చెట్లకు తలలు లేవు, మొండి స్తంభాల్లా నిలబడి ఉన్నాయి. బోర్లలోకి సముద్రపు ఉప్పు వచ్చేసిందట. మనిషి సగం చచ్చి నిలబడితే ఎవరో ఒకరు పట్టుకుంటారు. చెట్టును ఎవరూ పట్టుకోరు, పడిపోయేదాకా అలాగే ఉంటుంది.

చేపల వ్యాపారిని అందరూ అబూ మాజిద్ అంటారు. మాజిద్ తండ్రి అని అర్థం, పెద్ద కొడుకు పేరుతో పిలవడం అక్కడి మర్యాద. డెబ్బై దగ్గర పడిన మనిషి, మడమల దాకా తెల్లటి అంగీ దిష్దాషా, తలమీద కుట్టుపని టోపీ. చిన్నప్పుడు బొంబాయిలో ఉన్నందువల్ల హిందీ ధారాళంగా మాట్లాడతారు. మేము మాట్లాడుకున్నదంతా హిందీలోనే. ఆ చచ్చిన తోట ఆయనదే.

"మా తాత నాటి నాలుగు వందల చెట్లు. నీళ్ళు ఉప్పయ్యాయి. తోట పోయింది, అప్పుడు చేపలు పట్టుకున్నాను" అన్నారు. ఊళ్ళో ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పారు. అంత తేలిగ్గా ఎలా చెప్పగలిగారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆయన డ్రైవరు మస్తాన్ తనది రాయచోటి అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా బర్కా, బురైమి మధ్య అదే దారి. కొంచెం పొట్ట, హెన్నా పెట్టిన గడ్డం, ఆగని నోరు. తెలుగు వినగానే వాడి ముఖం వెలిగింది. మూడు రోజులు గ్యారేజీలో యంత్రం బిగిస్తుంటే పక్కనే కూర్చుని పానాలూ స్క్రూడ్రైవర్లూ అందించాడు. అంతా అయ్యాక ఇంజను స్టార్టు చేశాను. మస్తాన్ చెవి ఒగ్గి విని, సంబరంగా అన్నాడు.

"భలే ఉండాది సార్ సౌండు! మా ఊర్లో పెండ్లికి తెస్తారు సూడండి జనరేటరు, అచ్చం అట్లనే."

పక్కనున్న మెకానిక్‌లు నవ్వారు. మస్తాన్ ఏ దురుద్దేశంతోనూ అనలేదు. అది నాకు అప్పుడూ తెలుసు.

"చూడు మస్తాన్, నేను అడిగినప్పుడు చెబితే చాలు" అన్నాను.

"అట్లనే సార్" అన్నాడు. వాడి నోరు ఆ మాటతో మూతపడింది.

ఆ సాయంత్రం ల్యాప్‌టాప్ తెరిచి డెబ్బై అన్న అంకె తీసేసి ఇరవై అని పెట్టాను. డెబ్బై అయితే దారి మొదట్లోనే ఇంజను లేస్తుంది, అబూ మాజిద్ గంటన్నర పాటు నా పక్కన కూర్చుని పెళ్ళి జనరేటరు వింటారు. ఇరవై అయితే కొండలు మొదలయ్యే సొహార్ దాకా బండి నిశ్శబ్దంగా పోతుంది. ఆ పైన ఎత్తుకు మిగిలిన ఇరవై, ఇంజను ఇచ్చేదీ కలిపి సరిపోవాలి. లెక్క వేశాను. కాగితం మీద సరిపోయింది. సరిపోయేలా వేశాను.

మర్నాడు అబూ మాజిద్ ఇంట్లో భోజనం. తివాచీ మీద పెద్ద పళ్ళెం, అందులో కుంకుమపువ్వు అన్నం, మీద కాల్చిన చేప. అబూ మాజిద్, ఆయన తమ్ముడు, మస్తాన్, ఇద్దరు లోడింగ్ పనివాళ్ళు ఆ ఒక్క పళ్ళెం చుట్టూ కూర్చున్నారు. యజమాని తన చేత్తో చేపలో మంచి ముక్క విరిచి మస్తాన్ ముందుకు తోశాడు. మా ఇంట్లో మా తాత గారి వెండి కంచాన్ని మా నాన్న గారు కూడా ముట్టుకునేవారు కాదు. నాకు వేరే కంచం కావాలన్నాను. లోపలినుంచి కంచం వచ్చింది. ఆరడుగుల దూరంలో ఒక్కణ్ణే తిన్నాను. చేప బాగుంది.

తరువాత కాఫీ. ఏలకులు వేసిన పలచటి చేదు కాఫీ, చెవులు లేని చిన్న గిన్నెలో. తాగగానే మళ్ళీ పోశారు. మర్యాదకు అదీ తాగాను. మళ్ళీ పోశారు. ఐదు గిన్నెలయ్యాక మస్తాన్‌ని మెల్లగా అడిగాను.

"ఈయన ఆపడేమిటి?"

"గిన్నె ఇట్ల ఊపాల సార్. ఊపితే ఇంక సాలు అని."

"ముందే చెప్పొచ్చుగా!"

"అడిగితేనే చెప్పమంటిరి గదా సార్."

నవ్వకుండా అన్నాడు. ఆ రోజు నాకు అది చిన్న సంగతిగానే తోచింది.

సువైఖ్

ప్రయాణం రోజున పడవలు ఆలస్యంగా రావడంతో చేపలు ఎక్కేసరికి పొద్దున్న ఎనిమిదయింది. బ్యాటరీ నూటికి నూరు. అబూ మాజిద్ ముందు సీటు తలుపు తీసి నన్ను కూర్చోమన్నారు. వెనక సీట్లో కూర్చుంటానన్నాను. మా ఇంట్లో బండి గలవాడు డ్రైవరు పక్కన కూర్చోడు. ఆయన ఒక క్షణం చూసి, తానే మస్తాన్ పక్కన కూర్చున్నారు. ఒమాన్‌లో డ్రైవరు పక్క సీటు ఖాళీగా వదిలి వెనక కూర్చుంటే అతన్ని చిన్నబుచ్చినట్టని సత్యం తరువాత చెప్పాడు.

తీరం వెంట పోయే బాతినా హైవే అంతా చదును. ఒక పక్క సముద్రం ఉందని తెలుస్తుంది గాని కనపడదు. రోడ్డు పక్కన టైరు కొట్లు, మేకల సంతలు, గులాబీ రంగు పెళ్ళి మందిరాలు. బండి గాలి చప్పుడు తప్ప ఏమీ లేకుండా పోతోంది. అబూ మాజిద్ రెండుసార్లు వెనక్కి తిరిగి తల ఊపారు.

సువైఖ్‌లో ఒక మలయాళీ కొట్టు ముందు ఆగి హారన్ కొట్టాడు మస్తాన్. కారు దగ్గరికే టీ తెచ్చిచ్చారు. అక్కడ ఎవరూ టీ కోసం కారు దిగరు. గ్లాసు వంద బైసాలు. చిక్కగా, తియ్యగా, కొంచెం కుంకుమపువ్వు వాసన. ముందు అద్దం కింద బ్యాటరీ అరవై నాలుగు చూపిస్తోంది.

మస్తాన్ ఆ అంకె చూశాడు, అద్దంలోంచి నన్ను చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"సార్... ముందర కొండుండాది. ఇంజను ఇక్కడే ఏస్తే..."

"నిన్ను అడిగానా?"

తెలుగులోనే అన్నాను. అబూ మాజిద్‌కు మాట అర్థం కాకపోయినా గొంతు అర్థమయింది. ఆయన తన టీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయారు. మస్తాన్ గ్లాసులు తిరిగిచ్చి బండి తీశాడు.

సొహార్

సొహార్ దగ్గర అంకె ఇరవైకి దిగింది. నా వీపు వెనక ఇంజను లేచింది. వెనక సీట్లో కూర్చున్నాను కాబట్టి దాని వణుకు ముందు నాకే తెలిసింది.

"ఇప్పటిదాకా ఇంజను లేనే లేదా?" అన్నారు అబూ మాజిద్ ఆశ్చర్యపోతూ. "మాషా అల్లా! ఇంత దూరం?"

ఈ ప్రయాణం మొత్తంలో నాకు సంతోషం కలిగింది ఆ ఒక్క నిమిషమే. మా నాన్న గారు బతికుంటే బాగుండుననుకున్నాను.

అక్కడ రోడ్డు సముద్రాన్ని వదిలి పడమటికి, కొండలవైపు తిరుగుతుంది. బయట నలభై ఆరు డిగ్రీలు. అంత వేడికి ఇంజను పీల్చే గాలి పలచబడుతుంది, ఇచ్చే కరెంటు తగ్గుతుంది. ఫ్రిజ్ పెట్టె మాత్రం మామూలు కన్నా ఎక్కువ తాగుతుంది. రెండూ నాకు తెలిసినవే. కాగితం మీద రెంటికీ నేను వేసిన విలువలు పెద్దాపురం వేసవివి.

వాదీ జిజ్జి

వాదీ అంటే ఎండిన ఏరు. వాదీ జిజ్జిలో రోడ్డు ఆ ఏటి పక్కనే మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. రెండు వైపులా నల్లగా, బొగ్గు కుప్ప పోసినట్టున్న కొండలు. గడ్డి పరక లేదు. ఎత్తు మన ఘాట్‌లా నిలువుగా ఉండదు, పెద్ద ఎత్తు అనిపించదు కూడా. గంటసేపు విడవకుండా ఎక్కుతూనే ఉంటుంది, అంతే.

పద్నాలుగు. పదకొండు. ఎనిమిది. ముందు సీట్ల మధ్యలోంచి మెడ చాచి చూస్తున్నాను. ఇంజను గొంతు చించుకుంటోంది. మస్తాన్ ఏసీ ఆపేశాడు. అద్దాలు దించితే పొయ్యి మూత తీసినట్టు గాలి కొట్టింది. నాలుగు దగ్గర అద్దం కింద పసుపు రంగు తాబేలు బొమ్మ వెలిగింది. ఇక బండి తాబేలు నడకే నడుస్తుందని బండి కంపెనీవాళ్ళు పెట్టిన గుర్తు. లారీలు హారన్ కొడుతూ దాటిపోయాయి. ఒక లారీ క్లీనరు మమ్మల్ని చూసి చేయి ఊపాడు.

మస్తాన్ బండిని ఒక వంతెన నీడలోకి తీసి ఆపాడు. ఆగి ఉంటే ఇంజను ఇచ్చే కరెంటంతా బ్యాటరీకీ ఫ్రిజ్‌కీ పోతుంది, నలభై నిమిషాలు చాలని చెప్పాను. పావుగంటకు ఇంజను కాగిపోయి తనంత తానే ఆగింది. కదిలే బండికి తగిలే గాలిని నమ్ముకుని నేను చిన్న రేడియేటరు పెట్టాను. ఆగిన బండికి గాలి తగలదు. కాసేపటికి ఫ్రిజ్ కూడా ఆగింది.

ఆ నిశ్శబ్దంలో నాకు అప్పలస్వామి గుర్తొచ్చాడు. నేను అతన్ని ఎన్నడూ చూడలేదు. బస్సు వెనక నిచ్చెన మీద వేలాడుతూ, చదునులో ఉండగానే బొగ్గు పోస్తున్న మనిషి. మా బస్సులు ఘాట్‌లో ఎందుకు ఆగలేదో మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు. తెలిసిన మనిషి వాకిట్లో నిలబడే ఉండేవాడు.

మస్తాన్ అప్పటికే ఫోనులో ఉన్నాడు. బురైమి నుంచి ఖాళీగా తిరిగొస్తున్న తమ కంపెనీ డీజిల్ పికప్‌ను మళ్ళించాడు. అది రావడానికి గంటపైన పట్టింది. అబూ మాజిద్ వంతెన కింద చాప పరిచి ఫ్లాస్కు తెరిచారు. ఖర్జూరాలు పెట్టి, కాఫీ పోసి, మా అమ్మగారు ఉన్నారా, పిల్లలెంతమంది, మా ఊళ్ళో ఏం పండుతుంది అని అడిగారు. బండి గురించి ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. గిన్నె ఊపి పక్కన పెట్టాను.

పికప్ వచ్చాక మస్తాన్, ఆ డ్రైవరు కలిసి చేపల పెట్టెలు మార్చారు. మంచు కరిగిన నీళ్ళు పెట్టెల్లోంచి రోడ్డు మీదికి కారాయి. నేను ఒక పెట్టె పట్టబోయాను.

"మీరు ఉండండి సార్, బట్టలు కరాబైతాయి" అన్నాడు మస్తాన్. నిజంగా నా బట్టల గురించే అన్నాడు.

బురైమి

చేపలతో అబూ మాజిద్ ముందు వెళ్ళిపోయారు. ఎండ వాలి ఇంజను చల్లారాక మేమిద్దరం నిదానంగా బురైమి చేరాం. అది సరిహద్దు ఊరు. కంచె అవతల కనిపించే భవనాలు అల్ ఐన్‌వి, వేరే దేశం. కంచె పక్కనే పిల్లలు ఫుట్‌బాల్ ఆడుకుంటున్నారు. మార్కెట్లో మా చేపలకు వేళ దాటిపోయింది, హోటళ్ళవాళ్ళు అప్పటికే వేరేచోట కొనుక్కున్నారు. సగం సరుకు అడిగినంతకు ఇచ్చేశారట.

మస్తాన్ నన్నొక పఠాన్ హోటలుకు తీసుకెళ్ళాడు. రొట్టె పళ్ళెం అంత వెడల్పు, పప్పు నూనెలో తేలుతోంది, రెండూ కలిపి ఐదు వందల బైసాలు. ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. చాలాసేపు తిన్నాక అడిగాను.

"కొండ దగ్గర ఆగుతుందని నీకు ముందే తెలుసా?"

"సువైఖ్ కాడనే తెలుసు సార్."

"మళ్ళీ ఎందుకు చెప్పలేదు?"

వాడు రొట్టె ముక్క పప్పులో ముంచి, తీసి, నమిలి మింగాడు.

"ఒకతూరి చెప్తి గదా సార్. రొండోతూరి చెప్పేకి నాకూ మానం ఉంటాది."

మళ్ళీ అదే దారి

మర్నాడు బర్కాకి దిగివచ్చి, సత్యం ఇంటికి కూడా వెళ్ళకుండా గ్యారేజీలోనే కూర్చుని ఇరవై తీసేసి డెబ్బై పెట్టాను. రేడియేటరుకు ఒక ఫ్యాను కట్టాను. ఇంకొక్కసారి వెళ్ళనివ్వమని అబూ మాజిద్‌ని అడిగాను. ఆయన చేపలివ్వలేదు. చేపల బరువుకు సరిపడా మంచు దిమ్మలిచ్చారు. బురైమి కోల్డ్ రూముకు ఎలాగూ మంచు కావాలన్నారు. ఆయన రాలేదు.

ఈసారి ముందు సీట్లో కూర్చున్నాను. బర్కా దాటాక అడిగాను.

"మస్తాన్ భాయ్, ఇంజను ఎక్కడ లేపితే మేలు?"

వాడు నా ముఖం చూడలేదు, రోడ్డే చూస్తూ అన్నాడు. "డెబ్బై దాకా ఎందుకు సార్. ఇప్పుడే ఏద్దాం. ఎండ ముదరకముందే నింపుకుందాం."

ల్యాప్‌టాప్‌లో అంకె మార్చి తొంభై దగ్గరే లేపాం. దారంతా పెళ్ళి జనరేటరు మోగుతూనే ఉంది. సువైఖ్ టీ కొట్టు మలయాళీ చెవులు మూసుకుని నవ్వాడు. ఆ నవ్వు నన్ను పెద్దగా తాకలేదు. సొహార్ దగ్గర అరవై ఒకటి. వాదీ జిజ్జి వంతెన దగ్గర ముప్పై తొమ్మిది. ఎత్తు దాటి బురైమి గోదాము తలుపు ముందు ఆగినప్పుడు ఇరవై ఎనిమిది. మంచు దిమ్మల మూలలు కూడా కరగలేదు. మస్తాన్ దిగి బండి బోనెట్ మీద చేత్తో రెండుసార్లు తట్టాడు, గేదెను తట్టినట్టు.

బర్కా, చివరి రోజు

నా విమానానికి ముందు అబూ మాజిద్ మళ్ళీ భోజనానికి పిలిచారు. అదే తివాచీ, అదే పెద్ద పళ్ళెం. మస్తాన్ పక్కన చోటు చూసుకుని కూర్చోబోతున్నాను. లోపలినుంచి అబూ మాజిద్ తమ్ముడు నా కోసం ప్రత్యేకంగా ఒక కంచం తెచ్చి, మొదటి రోజు నేను కూర్చున్న చోటే, ఆరడుగుల దూరంలో మర్యాదగా పెట్టాడు. నాకు ఎలా ఇష్టమో గుర్తుపెట్టుకున్నారు. వద్దని ఏ మాటతో అనాలో తెలియలేదు. వెళ్ళి అక్కడే కూర్చుని తిన్నాను.

కాఫీ అయ్యాక అంకెలన్నీ రాసిన కాగితం ఆయన ముందు పెట్టాను. కళ్ళద్దాలు పెట్టుకుని ఓపికగా చదివారు.

"నీ యంత్రం మంచిదే" అన్నారు. "మస్తాన్ కూడా మంచిదన్నాడు. వాడు అబద్ధం చెప్పడు."

"అయితే ఆర్డరు?"

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చారు.

"నా దగ్గర పన్నెండు మంది డ్రైవర్లు. యంత్రం అన్నాక ఏదో ఒకరోజు కొండమీద ఆగుతుంది. ఆగిన రోజున నీకు ఫోను చేసేది నేను కాదు, వాళ్ళు. వాళ్ళు చెప్పేది నువ్వు వింటావా?"

వింటానని చెప్పాను. అంత పెద్ద గొంతుతో ఎవరికీ ఏదీ చెప్పినవాణ్ణి కాను. ఆయన నా భుజం మీద చేయి వేసి, అల్లా మేలు చేయాలి అని, నా గిన్నెలో కాఫీ పోశారు. ఊపకుండా తాగాను. ఆయన మళ్ళీ పోశారు. ఆర్డరు మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

విమానాశ్రయానికి దించింది మస్తానే. దిగేటప్పుడు నా పెట్టె అందిస్తూ, "ఆ ఫ్యాను పైనుంచి కాకుండా పక్కనుంచి కట్టండి సార్, దుమ్ము తక్కువ పడతాది" అన్నాడు. నేను అడగలేదు. లోపలికి వెళ్ళాక బోర్డింగు కార్డు వెనక రాసుకున్నాను.

యంత్రం బర్కా గ్యారేజీలోనే ఉంది. వెనక్కి తెప్పించే ఓడ ఖర్చు నేను పెట్టుకోలేను. పెద్దాపురం షెడ్డూ స్థలమూ నెలాఖరున అమ్మేశాం. రెండు లేత్ మిషన్లు, మా ముత్తాత బొగ్గు పొయ్యిలు చేయించిన పోత ఇనుప దిమ్మె పాత ఇనుము కింద తూకానికి వెళ్ళాయి.